బ్రజ్ హోలీ: ఎవరు ఎవరితో ఆడతారు, చూడ్డానికి వెళ్లినవాళ్లు ఎక్కడ నిలబడాలి

క్లుప్తంగా

మథుర చుట్టుపక్కల బ్రజ్ ప్రాంతంలో హోలీ వసంత పంచమితో మొదలై దాదాపు 40 రోజులు సాగుతుంది. ఒక్కో తిథికి ఒక్కో ఊరు, ఒక్కో ఆట. పేరున్న ఆటల్లో చాలావాటికి ఎవరు ఎవరి మీద రంగు చల్లాలో, ఎవరు ఎవర్ని కొట్టాలో తరాలుగా నిర్ణయమై ఉంది. బయటి నుంచి వెళ్లినవాళ్లు ఆ వరసలో లేరు. వాళ్లు అతిథులు. ఈ తేడా తెలిస్తే ఎక్కడ నిలబడాలి, ఏది ముట్టుకోకూడదు, కెమెరా ఎప్పుడు దించాలి అన్న ప్రశ్నలకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

తేదీల దగ్గరే మొదలయ్యే తికమక

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లేవాళ్లు సాధారణంగా క్యాలెండర్లో హోలీ సెలవు చూసుకుని రైలు టికెట్లు తీసుకుంటారు. ఆ రోజుకి మథుర చేరేసరికి బర్సానా ఊళ్లో ఆడవాళ్లు లాఠీలతో ఆడే లఠ్‌మార్ హోలీ అయిపోయి ఐదారు రోజులు గడిచి ఉంటుంది. ఫోటోల్లో చూసిన లాఠీలు, డాళ్లు ఎక్కడా కనిపించవు. హోలీ ఒక్కరోజు పండగ అనుకోవడం వల్ల వచ్చే తిప్పలు ఇవి.

2025 సంవత్సరం తీసుకుంటే వరస ఇలా నడిచింది. ఫాల్గుణ శుద్ధ అష్టమి, మార్చి 7న బర్సానాలో లడ్డూ హోలీ. మర్నాడు నవమికి అక్కడే లఠ్‌మార్ హోలీ. దశమికి నంద్‌గావ్‌లో లఠ్‌మార్. ఏకాదశికి బృందావనంలో బాంకే బిహారీ గుడిలో హోలీ, ద్వాదశికి గోకుల్‌లో సన్న బెత్తాలతో ఆడే ఛడీమార్ హోలీ. 13 రాత్రి హోళికా దహనం, 14న అందరికీ తెలిసిన రంగుల రోజు, అంటే ధూళండీ. 15న బల్దేవ్‌లోని దావూజీ గుడిలో హురంగా అనే దెబ్బల ఆట. ఏ ఏడాదైనా తిథుల వరస ఇదే, ఇంగ్లీషు తేదీలే మారతాయి.

తెలుగువాళ్లకి ఇందులో ఇంకో చిక్కు ఉంది. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదిలో పున్నమితో ముగుస్తుంది. శుక్లపక్షంలో రెండు లెక్కలూ కలుస్తాయి కాబట్టి ఫాల్గుణ శుద్ధ నవమి అంటే బర్సానాలోనూ భద్రాచలంలోనూ ఒకటే రోజు. పున్నమి దాటిందంటే పేర్లు మారిపోతాయి. ధూళండీ మనకి ఫాల్గుణ బహుళ పాడ్యమి, వాళ్లకి చైత్ర కృష్ణ పాడ్యమి. హురంగా చైత్ర కృష్ణ విదియ నాడని హిందీలో చదివి, చైత్రం కదా, ఉగాది తర్వాత అనుకుంటే సరిగ్గా ఒక నెల తప్పుతుంది.

దహనం వేళ కూడా ఏటా ఒకటే కాదు. పున్నమి సాయంత్రం భద్ర అనే అశుభ వేళ ఉంటే అది పోయేదాకా ఆగుతారు. 2025లో ఆ కారణంగానే మంట వేసేసరికి రాత్రి 11 దాటింది. 2026లో పున్నమి రోజే, మార్చి 3న, సంపూర్ణ చంద్రగ్రహణం పడడంతో దహనం ఏ రాత్రి అన్నదాని మీద మళ్లీ చర్చ. టికెట్లు తీసుకునే ముందు వెళ్లదలచిన గుడి ప్రకటించిన తేదీ చూసుకోవడమే నమ్మకమైన దారి.

లాఠీ వెనక ఉన్న వరస

బర్సానా కొండ మీద రాధారాణి గుడి ఉంది. స్థానికులు శ్రీజీ మందిర్ అనో లాడ్లీజీ మందిర్ అనో అంటారు. అక్కడికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో నంద్‌గావ్ కొండ, దాని మీద నందబాబా గుడి. ఒకటి రాధ తండ్రి వృషభానుడి ఊరు, రెండోది కృష్ణుణ్ణి పెంచిన నందుడి ఊరు అని నమ్మకం. మన మాటల్లో చెప్పాలంటే బర్సానా వాళ్లు ఆడపిల్ల తరఫు, నంద్‌గావ్ వాళ్లు మగపిల్లాడి తరఫు. ఆటంతా ఈ వరస మీద నిలబడి ఉంది.

అష్టమి నాడు హోలీకి రమ్మని పిలుపు వెళుతుంది. వస్తున్నామని నంద్‌గావ్ నుంచి కబురు తెచ్చిన పాండా, అంటే పూజారి, శ్రీజీ గుడిలో ఆనందంతో చిందులేస్తాడు, జనం లడ్డూలు విసురుకుంటారు. అదే లడ్డూ హోలీ. మర్నాడు నంద్‌గావ్‌లో గుడి పూజలు చూసే గోస్వామి కుటుంబాల మగవాళ్లు, హురియారేలు, ఊరి చివర ప్రియా కుండ్ అనే కోనేటి దగ్గర ఆగుతారు. ఠండాయి అనే చల్లటి పాల పానీయంతో మర్యాదలు జరుగుతాయి. అక్కడే తలపాగాలు చుట్టుకుంటారు. తలపాగా అలంకారం ఒక్కటే కాదు, లాఠీ జారితే తలను కాచేది అదే. తర్వాత కొండెక్కి దర్శనం చేసుకుని, రంగీలీ గలీ అనే ఇరుకు సందులోకి దిగుతారు.

అక్కడ బర్సానా గోస్వామి ఇళ్ల కోడళ్లు సిద్ధంగా ఉంటారు. ముఖం మీదికి జారిన ముసుగు, రెండు చేతులా పట్టిన పొడవాటి వెదురు కర్ర. ఎదుట మగవాడు గొంతుక్కూర్చుని డాలుని తలమీద గొడుగులా పట్టుకుంటాడు. కర్ర డాలు మీద పడుతుంది, అతను కూర్చున్నపళంగానే గెంతి పక్కకి జరుగుతాడు, ఆమె ముసుగు లోంచి చూసుకుని మళ్లీ కర్ర ఎత్తుతుంది. మధ్యలో అతను పాటలోనే ఓ ఎత్తిపొడుపు విసురుతాడు, జవాబుగా మరో దెబ్బ. దెబ్బ డాలు మీద పడాలన్నది ఇద్దరికీ తెలిసిన లెక్క. మర్నాడు నంద్‌గావ్‌లో పాత్రలు తిరగబడతాయి. ఫగువా, అంటే పండగ కానుక, అడగడానికి బర్సానా మగవాళ్లు వెళతారు, నంద్‌గావ్ కోడళ్లు కర్రలు అందుకుంటారు.

ఇది పర్యాటకుల కోసం పుట్టిన ప్రదర్శన కాదు. 1877లో మథురలో ఆంగ్లేయ ప్రభుత్వ అధికారిగా ఉన్న ఎఫ్.ఎస్. గ్రౌస్ బర్సానా వెళ్లి ఈ ఆట చూసి రాసిపెట్టాడు. కర్రలు పట్టిన ఆడవాళ్లు, కాచుకునే మగవాళ్లు అప్పుడూ ఉన్నారు.

దీన్ని అర్థం చేసుకోవడానికి తెలుగువాళ్లు దూరం వెళ్లక్కర్లేదు. పెళ్లిళ్లలో వసంతాలాడడం చాలా ఇళ్లలో ఇంకా ఉంది. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడుతుంది, ఆ వసంతం బావ మీద మరదలు పోస్తుంది, వియ్యపురాలి మీద వియ్యపురాలు పోస్తుంది. పోసినవాళ్లూ తడిసినవాళ్లూ నవ్వుతారు. అదే చెంబు తీసుకెళ్లి పెళ్లికి సంబంధం లేని మనిషి మీద కుమ్మరిస్తే పెద్ద గొడవ అవుతుంది. నీళ్లు అవే, రంగు అదే. లేనిదల్లా వరస.

1950ల మొదట్లో పశ్చిమ ఉత్తరప్రదేశ్ పల్లెలో ఉండి హోలీ చూసిన ఒక అమెరికన్ మానవశాస్త్రవేత్త గమనించింది కూడా దీనికి దగ్గర్లోనే ఉంది. ఆ రోజు ఆడవాళ్ల చేతిలో కాళ్ల మీద దెబ్బలు తిన్నవాళ్లు ఊళ్లో పలుకుబడి ఉన్న రైతులు. కొట్టినవాళ్లలో వాళ్ల పొలాల్లో, ఇళ్లల్లో పనిచేసే కుటుంబాల స్త్రీలున్నారు. ఏడాదంతా కింద ఉన్నది ఒక్క పూట పైకొస్తుంది, పూట ముగిశాక ఎక్కడిది అక్కడికి పోతుంది. అలా తిరగబడడానికి ఊరు ఒప్పుకోవడం వెనక కారణం ఉంది: అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లు, మర్నాడు ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సినవాళ్లు. హద్దు దాటితే పేరు పెట్టి నిలదీసే పెద్దలుంటారు.

అందుకే బర్సానాలో హురియారిన్, అంటే లాఠీ పట్టిన కోడలి, చేతిలో కర్ర కాసేపు ఇమ్మని, ఫోటో దిగుతానని అడగడం చిన్న విషయంగా కనిపించినా చిన్నది కాదు. హురంగాలో ఇది ఇంకా స్పష్టం. అక్కడ దావూజీ గుడి సేవాయత్ (వంశపారంపర్య పూజారి) కుటుంబాల కోడళ్లు తమ వరసైన మగవాళ్ల చొక్కాలు చింపి, ఆ గుడ్డల్నే తడిపి కొరడాల్లా పేని కొడతారు. ఆ ప్రాంగణంలోకి దూకి కొట్టించుకోవడానికి ఉత్సాహపడే బయటి కుర్రాడికి అది సరదాగా ఉండొచ్చు. ఆమెకి అతను ఏమీ కాడు. చుట్టూ ఉన్న మేడల మీద, వసారాల్లో చూడడానికి చోటు ఉంటుంది. అతిథి చోటు అదే.

మన ఊళ్లలోనూ ఇదే లెక్క

నిజామాబాద్ జిల్లా హున్సాలో హోలీ సాయంత్రం ఆడే పిడిగుద్దులాట తెలిసిందే. ఊరివాళ్లే తాడుకి అటూ ఇటూ రెండు జట్లుగా నిలబడి గుద్దుకుంటారు, ఆగమన్నప్పుడు ఆగి కావలించుకుంటారు. పోలీసులు అనుమతి ఇవ్వని సందర్భాలున్నాయి, అయినా ఊరు దీన్ని వదులుకోవడానికి ఇష్టపడదు. పక్క జిల్లా నుంచి చూడ్డానికి వచ్చినవాడు తాడు పట్టుకుంటే ఆట మారిపోతుంది. కర్నూలు జిల్లా ఆదోని దగ్గర సంతెకూడ్లూరులో మగవాళ్లు చీరలు కట్టి, నగలు పెట్టుకుని రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. అది మొక్కు. సెల్‌ఫోన్ పట్టుకుని ఎగతాళిగా వీడియో తీసేవాళ్లకి ఆ సంగతి గుర్తుండాలి.

తెలంగాణ పల్లెల్లో కాముని పున్నమికి ముందు పిల్లలు కోలలు కొడుతూ జాజిరి పాటలతో ఇల్లిల్లూ తిరగడం, మోదుగ పూలు ఉడికించి రంగు తీయడం పెద్దవాళ్లకి గుర్తే. బ్రజ్ గుళ్లలో టేసూ అనేది ఆ మోదుగ పువ్వే. భద్రాచలంలో ఫాల్గుణ పున్నమి నాడు వసంతోత్సవం, డోలోత్సవం చేసి, శ్రీరామనవమి కల్యాణానికి తలంబ్రాలు కలపడం మొదలుపెడతారు. పండగ పేరు ఒకటే అయినా లంబాడీ తండాలో లెంగి పాటల హోలీ, భద్రాచలం వసంతోత్సవం, బర్సానా లాఠీ ఒకే మర్యాదతో నడవవు. వెళ్లిన చోటి పద్ధతి అడిగి తెలుసుకోవాల్సిందే.

వరస పోయి, చనువు మాత్రం మిగిలితే

‘బురా న మానో, హోలీ హై’ అన్న మాట ఊళ్లో ఒకరికొకరు తెలిసినవాళ్ల మధ్య పుట్టింది. ఏమనుకోకు వదినా అన్నట్టు. ఇప్పుడు మథుర, బృందావనం వీధుల్లోకి పండగ రోజుల్లో వచ్చే జనం లక్షల్లో ఉంటున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్లు. తెలిసినవాళ్ల మధ్య పనిచేసిన చనువు ఆ గుంపులోకీ వచ్చింది. దాన్ని హద్దులో పెట్టే పెద్దలు, వరసలు, రేపు ముఖం చూపించాలన్న బిడియం రాలేదు. పండగ పేరుతో జరిగే వేధింపులకు నేల ఇక్కడే సిద్ధమవుతోంది.

2023 మార్చిలో ఢిల్లీ పహాడ్‌గంజ్‌లో హోలీ నాడు ఒక జపాన్ యువతిని కొందరు పట్టుకుని రంగులు పూసిన వీడియో దేశమంతా తిరిగింది. పోలీసులు ముగ్గుర్ని అదుపులోకి తీసుకున్నారు, వాళ్లలో ఒకరు మైనర్. ఆమె వద్దంటూ విడిపించుకునే ప్రయత్నం చేయడం వీడియోలో కనిపిస్తూనే ఉంది. అటువంటి చేతులకి పండగ మినహాయింపు ఏదీ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 74, 75 సెక్షన్లు స్త్రీల మీద దౌర్జన్యం, లైంగిక వేధింపుల గురించినవి. హోలీ రోజు కూడా అవి అలాగే వర్తిస్తాయి.

ఆడవాళ్లకి జాగ్రత్తలు చెప్పే వ్యాసాలు చాలా ఉన్నాయి: గుంపుగా వెళ్లండి, ధూళండీ నాడు వీధుల్లో తిరగకండి, మేడ మీది నుంచి చూడండి అని. అవి పనికొచ్చే మాటలే, ముఖ్యంగా ధూళండీ విషయంలో. కాని గౌరవంగా వెళ్లే ప్రయాణికుడి సంగతి మాట్లాడేటప్పుడు మొదట చెప్పాల్సింది మగవాళ్లకి. తెలియని స్త్రీకి రంగు పూయడానికి చెయ్యి చాచకూడదు. ఆమే ముందుకొచ్చి తిలకం పెడితే తలవంచి పెట్టించుకోవాలి, తిరిగి పెట్టేది ఉంటే అడిగి నుదుటికి. తెల్లబట్టల్లో రంగు పడకుండా నడిచిపోతున్న మనిషి ఏదో పని మీద వెళుతున్నాడని అర్థం. మార్చి పరీక్షల కాలం కూడా. హాల్ టికెట్ పట్టుకుని పరిగెడుతున్న పిల్లవాడి మీద నీళ్ల బెలూన్ విసరడం ఆట అనిపించుకోదు.

గుడి లోపల ఒత్తిడి ఎలా పుడుతుంది

రెండో భయం తొక్కిసలాట. 2022 ఆగస్టులో కృష్ణాష్టమి మంగళహారతి వేళ బాంకే బిహారీ గుడిలో ఊపిరాడక ఇద్దరు చనిపోయారు. 2024 మార్చి 17న లడ్డూ హోలీ నాడు శ్రీజీ గుడిలో జనం ఒత్తిడికి కొందరు స్పృహ తప్పారు, కొందరు గాయపడ్డారు.

బాంకే బిహారీ గుడి పాత బజారు సందుల నడుమ ఉంటుంది. లోపల దర్శనం ఆగకుండా సాగదు, స్వామి ముందు తెర కాసేపటికోసారి వేస్తారు, తీస్తారు. తెర వేసినప్పుడు ఎవరూ కదలరు, ఇంకోసారి చూసి వెళదామని ఆగుతారు. వెనక సందులో మాత్రం జనం వస్తూనే ఉంటారు. లోపల ఆగిన మనుషులు, బయట ఆగని మనుషులు, మధ్య ద్వారం దగ్గర ఉన్నవాళ్లు నలుగుతారు. బర్సానాలో ఇరుకు వేరే రకం. కొండ మెట్ల మీద ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఎదురవుతారు, తడిసిన గులాల్ రాయి మీద జారుతుంది, గాల్లో పొడి ఎగిరిన నిమిషం పాటు ముందు ఏముందో కనిపించదు.

అందువల్ల ఎప్పుడు వెళ్లాలన్నదానికంటే ఎటునుంచి బయటపడాలన్నది ముందు తేల్చుకోవాలి. ద్వారాల దగ్గర ఆగకూడదు. చంటిపిల్లల్ని, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ఆ ఒక్క పూటకి బసలోనే ఉంచడం మేలు. దర్శనమే ముఖ్యమైతే వసంత పంచమి తర్వాతి మామూలు రోజుల్లో వెళ్లొచ్చు. అప్పుడు కూడా గుడిలో గులాల్ చల్లుతారు, జనం తక్కువ.

తెల్లచీర మీద రంగు, ఎదుట కెమెరా

బృందావనంలో ఎన్నో ఏళ్లుగా వేలమంది వితంతువులు ఆశ్రమాల్లో ఉంటున్నారు, చాలామంది బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. భర్త పోయిన స్త్రీకి రంగు నిషిద్ధం అన్న ఆచారం వాళ్లని పండగకి దూరంగా ఉంచింది. పసుపు కుంకుమలకి, పేరంటాలకి దూరం పెట్టిన అమ్మమ్మల్ని చూసిన తెలుగు ఇళ్లకి దీన్ని వివరించి చెప్పక్కర్లేదు. 2013 నుంచి సులభ్ ఇంటర్నేషనల్ సంస్థ చొరవతో వాళ్లూ హోలీ ఆడుతున్నారు. తర్వాత ఆ వేడుక గోపీనాథ్ గుడి ప్రాంగణంలోకి మారింది. ఆశ్రమం గోడల లోపల కాకుండా గుడిలో ఆడడం చిన్న మార్పు కాదు. ఆచారం ఏ చోట నిషేధించిందో ఆ చోటే తలుపు తెరిచింది.

ఆ ఫోటోలు ప్రపంచమంతా వెళ్లాయి, దానివల్ల మేలూ జరిగింది. అయితే కొన్నేళ్లుగా రంగు చల్లుకునే ముసలివాళ్ల చుట్టూ కెమెరాలు బారులు తీరుతున్నాయి. పూలరేకులు మళ్లీ చల్లమని, ఇటు తిరిగి నవ్వమని అడిగేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని మనిషి సంతోషాన్ని మళ్లీ ఇంకోసారి చేసి చూపించమనడం ఎంత పెద్ద తప్పో అడిగేవాళ్లకి తట్టడం లేదు. పక్కన కూర్చుని, రాధే రాధే అని పలకరించి, ఆమె సరేనంటే ఒక ఫోటో చాలు. తీశాక ఆమెకి చూపించాలి.

ఠండాయి, రంగులు, కోతులు

ఉత్తరప్రదేశ్‌లో భంగుకి, అంటే గంజాయి ఆకుతో చేసే మత్తు పదార్థానికి, ప్రభుత్వ లైసెన్సు దుకాణాలున్నాయి. గంజాయి మొక్క ఆకు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం నిర్వచనంలోకి రాదు, అందుకే అది సాధ్యం. చిక్కు చట్టంతో కంటే కడుపుతో ఎక్కువ. తాగిన భంగు తలకెక్కడానికి గంటో గంటన్నరో పడుతుంది. ఏమీ కాలేదనుకుని రెండో గ్లాసు తాగినవాళ్లే ఆ తర్వాత వీధిలో కూలబడేది. ఠండాయి ఇచ్చినప్పుడు భంగు లేనిదేనా అని అడగడం తప్పుగా తీసుకోరు, సాదా ఠండాయి కూడా దొరుకుతుంది.

ముందురోజే ఒంటికి, తలకి కొబ్బరినూనె పట్టించడం, కాంటాక్ట్ లెన్సులు తీసేయడం, ఫోన్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవడం అందరూ చెప్పేవే. బృందావనంలో కళ్లజోడు మాత్రం ప్రత్యేకంగా కాపాడుకోవాలి. కోతి భుజం మీదికి దూకి కళ్లజోడు లాక్కుని గోడెక్కుతుంది, కిందినుంచి ఎవరో జ్యూస్ ప్యాకెట్ విసిరితే దాన్ని పట్టుకుని కళ్లజోడు వదిలేస్తుంది. ఇక భోజనం సంగతి. బృందావనం, బర్సానాలను 2017లో రాష్ట్ర ప్రభుత్వం తీర్థస్థలాలుగా ప్రకటించింది, గుడ్డు, మాంసం, మద్యం కోసం అక్కడ వాకబు చేయకపోవడం మర్యాద.

ఎవరైనా కూర్చోగలిగే చోటు

లాఠీల దృశ్యాలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. వాటికి ముందూ వెనకా గుడిలో జరిగే సమాజ్ గానం సంగతి చాలామందికి తెలియదు. రెండు ఊళ్ల గోస్వాములు ప్రాంగణంలో ఎదురెదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. పఖావజ్ అనే మద్దెల మోగుతుంటే ఒక పక్క బ్రజ్ భాషలో పదం ఎత్తుకుంటుంది, రెండో పక్క అందుకుంటుంది. పాటల్లో కృష్ణుడి తరఫు, రాధ తరఫు ఎత్తిపొడుపులుంటాయి. మన పెళ్లి బంతుల్లో వియ్యాలవారి పాటలు విన్నవాళ్లకి భాష తెలియకపోయినా వరస తెలుస్తుంది. ఆడపిల్లవాళ్లు అన్నదానికి మగపెళ్లివారు జవాబిస్తున్నారు.

సందులో లాఠీలు మొదలయ్యేసరికి ఇక్కడి జనం పలచబడతారు, కెమెరాలు అటు పరిగెడతాయి. గోడ పక్కన చెప్పులు లేకుండా, ఫోన్ జేబులో పెట్టుకుని కూర్చున్నవాళ్లని ఎవరూ లేవమనరు, ఏ ఊరని కూడా అడగరు. మధ్యలో గులాల్ ఎగిరినప్పుడు పాడేవాళ్ల తలపాగాల మీదా, వింటున్నవాళ్ల భుజాల మీదా అదే పొడి పడుతుంది.